యూరోలు పూర్తిగా వచ్చాయి, రూపాయలు తగ్గాయి: కేసు ఎవరి మీద?

ప్రశ్న: మాది టెక్కలి. జర్మనీలో ఉన్న మా అబ్బాయిని చూడ్డానికి వెళ్దామని అక్కడి హోటల్‌కు క్రెడిట్ కార్డుతో 1,200 యూరోలు కట్టాను. వీసా రాలేదు. మా ఆవిడ ఇంకా బెంగతోనే ఉంది. హోటల్ వాళ్లు మొత్తం తిరిగిచ్చేశామంటున్నారు. నా బిల్లులో పడింది 1,13,085 రూపాయలు, జమ అయింది 1,05,840. రిఫండ్ వచ్చి ఏడాదిన్నర అయింది, కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేసి విసిగిపోయాను. హోటల్ మీద కేసు వేయొచ్చా? ఆ లావాదేవీ నేను చేయలేదని బ్యాంకుకు చెబితే మొత్తం వచ్చేస్తుందని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: వీసా సంగతి ఈ కేసుకు అక్కర్లేదు. తేలాల్సింది ఒక్కటే: ఎన్ని యూరోలు వెనక్కి వచ్చాయి? మీరు పంపిన స్టేట్‌మెంటులో 1,200 అనే ఉంది. కాబట్టి హోటల్‌ను వదిలేయండి.

లోటు 7,245 రూపాయలు. కట్టిన రోజు యూరో 90.50, జమ అయిన రోజు 88.20. ఆ తేడా 2,760 మీకు రాదు. రిఫండ్‌కు అది ప్రాసెస్ అయిన నాటి రేటే వేస్తారు. రేటు పెరిగి ఉంటే ఆ ఎక్కువ డబ్బు మీరు బ్యాంకుకు తిరిగి ఇచ్చేవారా? మిగిలిన 4,485 బ్యాంకు వేసిన మూడున్నర శాతం మార్కప్ (విదేశీ కరెన్సీలో కట్టినందుకు తీసుకునే ఛార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ. మీ తగాదా దీని గురించే, బ్యాంకుతోనే. రిఫండ్ వచ్చినా మార్కప్ వెనక్కివ్వబోమని కార్డు నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంటే గెలవడం కష్టం. ఆ ముక్క లేకపోతే మీకు గట్టి వాదన ఉంది. కార్డు ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పని ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి.

ఇక ఆ సలహా. లావాదేవీ నేను చేయలేదని ఒక్క మాట కూడా రాయొద్దు, అనొద్దు. ఓటీపీ వెళ్లింది మీ ఫోన్‌కే, బుకింగ్ ఉన్నది మీ పేరు మీదే. ఏడు వేల కోసం అబద్ధం ఆడితే భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. అదే అబద్ధాన్ని పోలీసులకూ చెబితే 217 కూడా తోడవుతుంది. మీ అసలు ఫిర్యాదునూ ఆ తర్వాత ఎవరూ నమ్మరు.

ఏడాదిన్నరలో ఒక్క కాగితం కూడా రాయలేదా? ఫోన్ కాల్స్‌తో కేసు వేసే గడువు పెరగదు. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ఇచ్చేది రెండేళ్లే. జమ అయిన తేదీ నుంచి లెక్కేసుకున్నా మీకు మిగిలింది ఆరు నెలలు.

ఈ వారమే బ్యాంకుకు ఈమెయిల్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. రెండు స్టేట్‌మెంట్లు, హోటల్ రద్దు మెయిల్ జత చేయండి. ఎస్సెమ్మెస్‌లు చెరపకండి. మీరు డబ్బు కట్టిన నాడు అమల్లో ఉన్న నిబంధనల కాపీ అడగండి. వెబ్‌సైట్‌లో ఇప్పుడున్నవి చాలవు, మధ్యలో మారి ఉండొచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో వెళ్లండి. ఖర్చు లేదు. అక్కడ మీ తరఫున వేయడానికి మా లాయర్లకు అనుమతి కూడా లేదు, మీరే వేయాలి.

అక్కడ తేలేదాకా కూర్చుంటే రెండేళ్లు దాటిపోవచ్చు. ఐదో నెల వచ్చేసరికి ఏమీ తేలకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. బ్యాంకు ఆఫీసు ఎక్కడున్నా మీ జిల్లాలోనే వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు. మెయిళ్లు, ఎస్సెమ్మెస్‌ల ప్రింటవుట్లతో పాటు, వాటిని సాక్ష్యంగా తీసుకోవడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63 అడిగే సర్టిఫికెట్ పెట్టండి.