రాసిన వ్యాసాలకు డబ్బు రాకపోతే

మీరు వ్యాసాలు రాసిచ్చిన సంస్థవాళ్లు మొదటి నెల పారితోషికంలో 10 శాతం కోశారని, తర్వాత రెండు నెలలది అసలే ఇవ్వలేదని నాకు రాశారు. చదివి బాధ కలిగింది.

ఆ కోత బహుశా టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లు ముందే కోసి మీ పేరిట ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. ఆదాయపు పన్ను వెబ్‌సైటులో మీ పేరిట జమైన పన్నుల పత్రం (ఇన్నాళ్లూ దాన్ని ఫారం 26ఏఎస్ అన్నారు) తెరిచి చూడండి. అందులో ఉంటే రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. లేకపోతే నిలదీయండి, అది మీ కష్టార్జితం.

అసలు లోటు బిల్లు లేకపోవడం. వాట్సాప్‌లో ‘పంపాను సార్’ అంటే బిల్లు కాదు. నేనూ మొదట్లో అలాగే నష్టపోయాను. బిల్లుకు వరుస సంఖ్య, తేదీ, మీ పాన్, ‘వ్యాసం, 1,200 పదాలు, పదానికి రూపాయి, మొత్తం రూ.1,200’ అన్న వివరం, చెల్లింపు గడువు ఉండాలి.

ఈ వారమే చిన్న సంస్థలను నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు ఉద్యం పోర్టల్‌లో నమోదు చేసుకోండి. ఆధార్, పాన్ చాలు, రుసుము లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం, అలా నమోదైన చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే చక్రవడ్డీ కట్టాలి. పాత బాకీ నమోదుకు ముందుది కాబట్టి దానికి మాత్రం దీనిపై ఆశ పెట్టుకోకండి. దానికి ఇవాళే బిల్లు మెయిల్ చేయండి. డబ్బు చేతికందేదాకా వాళ్లకు కొత్తగా ఒక్క పేజీ కూడా రాసివ్వకండి.