కరెంటు పోయి వస్తే ప్రింటర్ ఆఫ్‌లైన్

ప్రశ్న: ఇంట్లోనే డీటీపీ పని చేసుకుంటాను. శుభలేఖల ప్రూఫులు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు వస్తుంటాయి. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, వైఫై ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తుంది. దాని మీద లైట్లు మామూలుగానే వెలుగుతుంటాయి. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పనిచేస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ అదే గొడవ. ఇప్పుడు లిస్టులో అదే ప్రింటర్ ‘కాపీ 1’, ‘కాపీ 2’ అని కూడా కనిపిస్తోంది. షాపులో వైఫై కార్డు మార్చాలన్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బుతో ఇంకు కొనుక్కోండి. వైఫై కార్డు పోయిన ప్రింటర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన బాగుపడదు. కరెంటు సంగతి చెప్పి సగం పని మీరే చేసిపెట్టారు.

ఇంట్లోని ఫోన్లకు, టీవీకి, ప్రింటర్‌కి రౌటర్ తలా ఒక ఐపీ నంబరు ఇస్తుంది. చాలా ఇంటి రౌటర్లు ఆఫ్ అయి ఆన్ అయ్యాక ఎవరికి ఏది ఇచ్చాయో మర్చిపోతాయి. ముందుగా కనెక్టయిన ఫోను 192.168.1.5 పట్టుకుపోతుంది, తీరిగ్గా లేచిన ప్రింటర్‌కి 192.168.1.9 దక్కుతుంది. మీ విండోస్ మాత్రం ఇంకా 5 తలుపే కొడుతూ ఉంటుంది. అక్కడున్నది ఫోను, ప్రింట్ కమాండ్‌కి అదేం పలుకుతుంది!

ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ రిపోర్టు ఒకటి తీయండి. అందులోని ఐపీ నంబరును కంప్యూటర్ బ్రౌజర్‌లో కొట్టండి. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుందంటే అది నిక్షేపంగా ఉంది. నంబరు 169.254తో మొదలైతే మాత్రం దానికి రౌటర్ నుంచి నంబరే రాలేదు, వైఫై పాస్‌వర్డ్ మళ్లీ ఇచ్చి చూడాలి.

తర్వాత బ్రౌజర్‌లోనే రౌటర్ ఐపీ నంబరు కొట్టి, దాని సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లండి. పాస్‌వర్డ్ సాధారణంగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, కేబుల్ అబ్బాయి మార్చి ఉంటే అతన్నే అడగాలి. అందులో ‘అడ్రస్ రిజర్వేషన్’ దగ్గర ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (పరికరం సొంత గుర్తింపు సంఖ్య, అదే రిపోర్టులో ఉంటుంది) ఇచ్చి ఒక నంబరు దాని పేరున రాసిపెట్టండి. ప్రింటర్‌ని ఒకసారి ఆపి ఆన్ చేస్తే ఆ నంబరు తీసుకుంటుంది. ఇక కరెంటు ఎన్నిసార్లు పోయినా అది ఇంకొకరికి వెళ్లదు.

ఇప్పుడు కంప్యూటర్‌కి కూడా ఆ నంబరే చెప్పాలి. ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లో ‘పోర్ట్స్’ చూడండి. అక్కడ డబ్ల్యూఎస్‌డీ అని ఉండొచ్చు. అదంటే నాకు మొదట్నుంచీ పడదు. ప్రింటర్ ఉందా అని నెట్‌వర్క్ అంతా కేకేస్తుంది, నిద్రలో ఉన్న ప్రింటర్ పలక్కపోతే లేదని తీర్మానిస్తుంది. ‘యాడ్ పోర్ట్’ నొక్కి, ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకుని, మీరు రిజర్వ్ చేసిన నంబరు ఇవ్వండి. ఆ తర్వాత కూడా ప్రింట్ వస్తూనే ఆఫ్‌లైన్ అంటుంటే, అక్కడే ‘కాన్ఫిగర్ పోర్ట్’లో ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్’ ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. అది ‘ఎలా ఉన్నావ్’ అని విండోస్ ప్రింటర్‌ని అడిగే పద్ధతి. కొన్ని ప్రింటర్లు ఆ ప్రశ్నకు జవాబివ్వవు, విండోస్ దాన్ని పట్టుకుని అవి లేవనుకుంటుంది.

కాపీలన్నీ తొలగించి ఒక్కటే ఉంచండి. లేకపోతే ప్రశ్నపత్రం అర్జెంటుగా కావాల్సిన రోజే అది ‘కాపీ 2’కి వెళ్లి క్యూలో కూర్చుంటుంది.

ప్రశ్న: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేయగానే ఇంటి ప్రింటర్ మాయమవుతోంది. ఆపేస్తే వస్తోంది. – ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: వీపీఎన్ అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి వేసే దారి. చాలా కంపెనీలు అది ఉన్నంతసేపు ట్రాఫిక్ మొత్తం ఆఫీసుకే పోయేలా పెడతాయి. అప్పుడు పక్క గదిలోని ప్రింటర్ కూడా ల్యాప్‌టాప్‌కి అందదు. కావాలని పెట్టిందే కాబట్టి మీరు రౌటర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. మీ ఐటీ వాళ్లు ఒప్పుకుంటే యూఎస్‌బీ కేబుల్ పెట్టుకోండి.

ప్రశ్న: కొత్త ఫైబర్ కనెక్షన్ వచ్చాక ప్రింటర్‌కి మా వైఫై పేరే కనిపించడం లేదు. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి. మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్‌లో ఉందేమో చూసి, 2.4 కూడా ఆన్ చేయండి. ప్రింటర్‌ని ‘గెస్ట్’ నెట్‌వర్క్‌కి మాత్రం కలపకండి. సాధారణంగా దాంట్లో ఉన్న పరికరాలు మీ కంప్యూటర్‌కి కనబడవు.