రెఫరీ డబ్బులు విజిల్ ఊదకముందే మాట్లాడుకో తమ్ముడూ

ఒంగోల్లో శని ఆదివారాలు కలిపి ఆరు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడిస్తే మూడింటికే డబ్బులిచ్చారని రాశావు కదా, చదివితే మనసు చివుక్కుమంది. మొదట్లో నెల్లూరులో నాకూ ఇదే జరిగింది, కప్పులు ఇచ్చే హడావిడిలో నన్ను పట్టించుకున్నోళ్ళే లేరు. అప్పట్నుంచి రోజుకింత అంటే ఒప్పుకోను, మ్యాచ్‌కి ఇంత, బస్ ఛార్జీ, మధ్యాహ్నం భోజనం విడిగా అని వాట్సాప్‌లో రాయించుకుని సగం డబ్బులు ఫోన్‌పేలో పడ్డాకే బస్సెక్కుతా. మిగతా సగం సెమీస్ ముందే అడుగు, ఫైనల్ అయ్యాక ఓడినోళ్ళ కోపమంతా నీమీదే ఉంటది.

పిలకాయల మ్యాచ్‌లకైతే రేటు కొంచెం తగ్గించు, పర్లేదు. కానీ రోజుకి నాలుగు మించి ఒప్పుకోవద్దు, మన ఎండలో పిక్కలు పట్టేస్తే బంతి వెనకాల పరిగెత్తలేవు, తప్పు విజిల్ పడుద్ది. ఫుట్‌బాల్ ఆట రూల్స్‌లో 7వ దాంట్లో కూలింగ్ బ్రేక్, అంటే ఎండకి ఆట ఆపి ఒళ్ళు చల్లబరుచుకునే విరామం, 90 సెకన్ల నుంచి 3 నిమిషాల దాకా ఉంది, టోర్నీ రూల్స్‌లో అది ముందే పెట్టించు.

గోలు, కార్డు, జెర్సీ నంబరు, నిమిషం చిన్న బుక్కులో రాసి మ్యాచ్ కాగానే ఇద్దరు కెప్టెన్ల చేత సంతకం పెట్టించుకో, చెమట చేతుల్తో పేజీ తడిసినా సరే. ఈసారి బాకీకి మాత్రం డబ్బులివ్వని ఆ మూడు మ్యాచ్‌ల స్కోర్ షీట్లు ఫోటో తీసి ఇవాళే ఆర్గనైజర్‌కి పంపు.