నవల చదివాక నిద్ర పట్టడం లేదు... నిద్రమాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. స్నేహితురాళ్లం కొందరం నెలకో పుస్తకం అనుకుని చదివి, ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటాం. ఈసారి అనుకున్న నవలలో తండ్రి ఐసీయూలో చనిపోతుంటే కూతురు బయట బెంచీ మీద కూర్చునే ఘట్టం ఉంది. అది చదివి వారమైంది. రోజూ రాత్రి రెండింటికి మెలకువ, గుండెదడ. మా నాన్న నిరుడు ఐసీయూలోనే పోయారు. వచ్చే నెల సంవత్సరీకం. 'కథే కదా' అంటున్నారు అందరూ. మధ్యలో మానేయాలంటే నామోషీగా ఉంది. మా అత్తయ్య వేసుకునే నిద్రమాత్ర సగం వేసుకోవచ్చా?
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: ముందు మాత్ర సంగతి. దయచేసి వేసుకోవద్దు. నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలం లాంటి మాత్రలు రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే అలవాటైపోతాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆపేస్తే నిద్రలేమి, ఆందోళన మరింత ముదురుతాయి. ఒకరికి రాసిన మందు ఇంకొకరు వాడకూడదు.

కథ అని తెలిసినా, దృశ్యం కళ్లకు కట్టినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇది ఎవరికైనా జరిగేదే. మీకైతే ఆ బెంచీ మీద మీరే కనిపించి ఉంటారు. పైగా సంవత్సరీకం దగ్గర పడుతుంటే ఆ దుఃఖం మళ్లీ తిరగబెట్టడం మామూలే. మన ఇళ్లలో తండ్రి పోతే కర్మకాండ, వచ్చేపోయే చుట్టాలు, బ్యాంకు కాగితాలు... వీటి మధ్య ఆడపిల్లకు తనివితీరా ఏడ్చే తీరిక కూడా దొరకదు. అలా లోపల మిగిలిపోయింది ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాల్సిందే. మీ అమ్మగారితోనో, తోబుట్టువులతోనో నాన్నగారి గురించి మాట్లాడండి. ఏడుపొస్తే ఆపుకోకండి.

పుస్తకం పక్కన పెట్టేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. 'ఆ ఘట్టం దగ్గర నాన్న గుర్తొచ్చారు, చదవలేకపోయాను' అని స్నేహితురాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి. తప్పకుండా అర్థం చేసుకుంటారు. చదవాలనే ఉంటే, అలాంటి సన్నివేశాలు ఎక్కడెక్కడ వస్తాయో ముందే అడిగి వాటిని దాటేయండి. పగటిపూటే చదవండి, రాత్రి భోజనం తర్వాత వద్దు. సాయంత్రం నుంచి కాఫీ, టీలు మానండి. రాత్రి మెలకువ వస్తే గడియారం చూస్తూ పడుకోకుండా లేచి, చిన్న లైటు వేసుకుని కూర్చోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. నిద్ర ముంచుకొచ్చాకే మంచం ఎక్కండి.

గుండెదడకు థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు. పగలు కూడా దడ వస్తుంటే ఫిజీషియన్‌ను కలిసి థైరాయిడ్ పరీక్ష అయిన టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఈసీజీ చేయించుకోండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, ఇంటిపని, ఆఫీసు పని మీద మనసు పెట్టలేకపోయినా మానసిక వైద్యుల్ని సంప్రదించండి. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా అన్ని రోజులు ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.