డిప్రెషన్ మాత్రలు, చిగుళ్ల రక్తం

ప్రశ్న: డిప్రెషన్‌కు అమిట్రిప్టిలిన్ వాడుతున్నాను. నోరు ఎండిపోతోంది, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. మాత్రలు ఆపేయనా?

జవాబు: సొంతంగా ఆపొద్దండీ. ఈ మందుకు లాలాజలం తగ్గుతుంది, దాంతో పాచి త్వరగా పేరుకుని చిగుళ్లు వాచి రక్తం వస్తుంది. దిగులు ఎక్కువైన రోజుల్లో బ్రష్ చేయడమూ తప్పిపోతుంటుంది. ఎండిన నోటి సంగతి మీ సైకియాట్రిస్టుకు చెప్పండి. మోతాదో, మందో మార్చగలరు.

రక్తం వచ్చేచోట బ్రష్ తగలనీయకపోతే వాపు ఇంకా పెరుగుతుంది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో పెట్టి 2 నిమిషాలు నెమ్మదిగా తోమండి. ఓపిక లేనినాడు కనీసం రాత్రిపూటైనా. గట్టిపడిన గార మాత్రం డెంటిస్టు పరికరంతో గీకి తీసే స్కేలింగ్‌తోనే పోతుంది (దానివల్ల పళ్లు వదులవుతాయన్నది అపోహ). డెంటిస్టుకు మీ మాత్రల చీటీ చూపించండి.

నోరు ఎండినప్పుడు నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగండి. తీపి చప్పరింతలు వద్దు.