లాయరు ఎవరో తేలకముందే లోను మంజూరైంది

ప్రశ్న: నా వయసు 43. ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి 46 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 35 వేలు. మావారి వ్యాపారంలో ఒక నెల ఆదాయం ఉంటే ఇంకో నెల ఉండదు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. నాన్నగారి ఇంట్లో, పొలంలో నా వాటా ఇవ్వనని అన్నయ్య అంటున్నాడు. బంధువులు ఒక లాయరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. "పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంచమని కోరే కేసు వేద్దాం. ఏడాదిలో తేలిపోతుంది, గెలుపు ఖాయం. ఇప్పుడు 4 లక్షలు, గెలిచాక మీ వాటాలో పదో వంతు ఇవ్వండి" అన్నారాయన. ఆలస్యం చేస్తే అన్నయ్య ఆస్తి అమ్మేస్తాడని కూడా చెప్పారు. ఉన్న లక్ష రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి, మిగతా 3 లక్షలకు ఒక యాప్‌లో పర్సనల్ లోనుకు పెట్టాను. 18 శాతం వడ్డీకి, మూడేళ్లకు మంజూరైంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. డిపాజిట్ కూడా తీయవద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. విడాకుల కేసు కావచ్చు, పొలం గొడవ కావచ్చు, బిల్డరుతో పేచీ కావచ్చు, వరస మాత్రం ఒకటే. ముందు అప్పు పుట్టిస్తారు, తర్వాత లాయరు చేతిలో పెడతారు, ఆయన ఎలాంటివాడో అప్పుడు విచారించడం మొదలుపెడతారు. మీ ఉత్తరంలోనూ వడ్డీ శాతం ఉంది, గడువు ఉంది. ఆయన ఎన్నేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నారో, ఎప్పుడైనా పార్టిషన్ దావా నడిపారో లేదో ఒక్క ముక్క లేదు.

ఆయన అడిగిన ఫీజు చూడండి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన ఆస్తిలో భాగం తీసుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలకు విరుద్ధం. లాయరుగా ఉన్నవారికి ఇది తెలియకుండా ఉండదు. ఇక "ఏడాదిలో", "ఖాయం" అన్న మాటలు. పార్టిషన్ దావాలో ముందు ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ రావాలి, తర్వాత కోర్టు నియమించిన కమిషనర్ కొలతలు, ఆపైన ఆస్తిని విడగొట్టి ఇచ్చే ఫైనల్ డిక్రీ, మధ్యలో ఎవరు అప్పీలుకు వెళ్లినా అదో మజిలీ. ఇంత తతంగం ఉన్నచోట తేదీతో సహా హామీ ఇచ్చేవారి దగ్గర నేనైతే రెండోసారి కూర్చోను.

ఆయన సంగతి తెలుసుకోవడానికి అప్పు అక్కర్లేదు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడిగి, ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్లో నమోదయ్యారో అక్కడ సరిచూసుకోండి. దాంతో ఆయన లాయరేనని మాత్రం తేలుతుంది. మీ పనికొచ్చే లాయరా అన్నది తేలాలంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లా కోర్టుల విభాగానికి వెళ్లి, అడ్వకేటు పేరుతో వెతకండి. ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఇంటిపేరు, స్పెల్లింగు జాగ్రత్త. ఓ.ఎస్. అని ఉన్నవి సివిల్ దావాలు. అవి ఎన్ని ఉన్నాయి, చెక్కు బౌన్సు, క్రిమినల్ కేసులు ఎన్ని ఉన్నాయి? మీ ఆస్తి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడ ఆయన కేసులు నడుస్తున్నాయా? నాలుగైదు కేసులు తెరిచి వాయిదాల చరిత్ర చదవండి. ఓడిన కేసులు చూసి బెదిరిపోకండి, బలం లేని కేసునూ ఎవరో ఒకరు వాదించాల్సిందే. హాజరు కాకపోవడం వల్ల కొట్టేసిన కేసులు వరసగా కనిపిస్తే మాత్రం ఇంకో లాయరును చూసుకోండి.

ఇంకొకటి మొహమాటం లేకుండా అడగండి: ఈ ఆస్తి విషయంలో మీ అన్నయ్యకు ఆయన ఇంతకుముందు సలహా ఏమైనా ఇచ్చారా? ఒక వివాదంలో ఒక పక్షానికి సలహా ఇచ్చినవారు రెండో పక్షం తరఫున నిలబడకూడదు. మిమ్మల్ని తీసుకెళ్లింది ఇద్దరికీ బంధువులు అయితే ఈ ప్రశ్న మరీ అవసరం.

తేడా వస్తే అప్పుడు చూసుకుందాంలే అనుకోకండి. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు మిగిలేది బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, లేదంటే ఆ డబ్బు కోసం ఇంకో దావా. దానికి ఇంకో లాయరు!

ఇప్పుడు నన్ను అసలు కలవరపెట్టిన సంగతి. 3 లక్షలకు 18 శాతం చొప్పున మూడేళ్లంటే నెలకు దాదాపు 10,850 రూపాయల ఈఎంఐ. ఖర్చులు పోను మీకు మిగిలేది 11 వేలు. అంటే నెలకు నూటయాభై రూపాయల మిగులుతో మూడేళ్లు నెట్టుకురావాలి. డిపాజిట్ కూడా అప్పటికి ఉండదు. మీవారి వ్యాపారం రెండు నెలలు మందగిస్తే ఏం చేస్తారు? మళ్లీ అదే యాప్ తెరుస్తారు. కుటుంబ దావాల్లో అవతలివాళ్లు కాచుకుని కూర్చునేది ఈ ఘడియ కోసమే. చేతిలో డబ్బు అయిపోయిన మనిషి ఎంతిస్తే అంత పుచ్చుకుని రాజీ కాగితం మీద సంతకం పెడుతుంది. మీ అత్యవసర నిధి ఇంటికే కాదు, ఈ కేసుకూ వెన్నెముక. ఆ లక్ష మీ ఇంటికి మూడు నెలలకు కూడా చాలదు. దాన్ని కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 2 లక్షల 10 వేల దాకా పెంచాలి. మిగిలే 11 వేలలో 6 వేలు అందులోకి, 5 వేలు కేసు కోసం విడిగా ఒక ఖాతాలోకి వెళ్లనివ్వండి. బంగారం తాకట్టు పెడితే వడ్డీ తగ్గవచ్చు, మీ జీతం మాత్రం పెరగదు, అదీ వద్దు.

ఏ లాయరును పెట్టుకున్నా ఫీజు దశలవారీగా మాట్లాడుకోండి. దావా వేసేటప్పుడు ఎంత, సాక్ష్యాల విచారణకు ఎంత, వాదనలకు ఎంత అన్నది కాగితం మీద ఉండాలి, ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. కోర్టు ఫీజు అందులో కలిసిందా, వేరేనా అని కూడా అడగండి. ఆస్తి మీ ఉమ్మడి అనుభవంలో ఉందా లేదా అన్నదాన్ని బట్టి అది చాలా మారుతుంది.

ఇంతకంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఉచితమనగానే మనవాళ్లు పెదవి విరుస్తారు. కేసు అక్కడ అప్పగించకపోయినా, ఈ లాయరుగారు చెప్పింది ఎంతవరకు నిజమో ఆ సలహాతో పోల్చి చూసుకోవచ్చు. అన్నయ్య రాజీకి వస్తే లోక్ అదాలత్ ఎలాగూ ఉంది.

అమ్మకం భయానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే కాగితం తీసి చూడండి. దావా నడుస్తుండగా అమ్మినా, కొన్నవారు కోర్టు తీర్పుకు కట్టుబడాల్సిందే. నిజంగానే బేరం నడుస్తుంటే అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) కోసం త్వరపడాలి. అయినా లాయరు గురించి విచారించుకోవడానికి రెండు సాయంత్రాలు చాలు.

లోను ఇంకా ఖాతాలో పడకపోతే ఈరోజే యాప్‌లో రద్దు చేయండి. పడి ఉంటే ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకుని లోను వెనక్కిచ్చే గడువు ఎన్ని రోజులో చూడండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం డిజిటల్ లోనుకు ఆ గడువు ఇచ్చి తీరాలి. ఆలోపు అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడతారు. ప్రాసెసింగ్ ఫీజు కొంత పోవచ్చు, పోనివ్వండి.