చౌక ప్రాసెసర్ గురించి మా అన్న కూతురికి

అమ్మాయ్,

అన్నయ్య నిన్న రాత్రి ఫోన్ చేశాడు. కనిగిరి బస్టాండ్ దగ్గర గది మాట్లాడావనీ, వచ్చే నెల ఆన్‌లైన్ సెంటర్ తెరుస్తున్నావనీ చెప్పాడు. చాలా సంతోషం వేసింది. నువ్వు ఫొటో తీసి పంపిన కొటేషన్ చూశాను. మూడు సిస్టమ్‌లకీ ఖరీదైన ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లే (సిస్టమ్‌కి మెదడులాంటి చిప్‌లు) రాశాడు షాపతను. దాని పోటీ కంపెనీ ఏఎండీ చిప్ నాసిరకమనీ, వేడెక్కి పోతుందనీ, ఇంటెల్‌లోనే చౌకైన ఐ3 అయితే రెండేళ్ళు కూడా రాదనీ ఆ షాపతను అన్నాడట. నువ్వు టెన్షన్ పడొద్దు. ఒంగోలులో ఇరవై అయిదేళ్ళుగా కంప్యూటర్లు బిగించి బాగుచేసే పనే చేస్తున్నాను కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ఇన్నేళ్ళలో నా బల్ల మీదికి వచ్చిన సిస్టమ్‌లలో ప్రాసెసర్ చచ్చిపోయినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సిస్టమ్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పోతుంది, అన్నీ బిగించే మదర్‌బోర్డు పోతుంది, డిస్క్ పోతుంది. ప్రాసెసర్ మాత్రం చౌకదైనా ఖరీదైనదైనా బతికే ఉంటుంది. ఎందుకో నీకు సులువుగానే అర్థమవుతుంది, పొగాకు ఇంట్లో పుట్టిన పిల్లవి. ఒకే చేను, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ కూడా ఒకటే. ఆకు దించాక బ్రైట్, మీడియం, లో అని ఏరి బేళ్ళు కడతాం. చిప్‌లూ అంతే. ఒకే సిలికాన్ పలక మీద వందల చిప్‌లు తయారవుతాయి. చిప్ లోపల పని చేసే భాగాలైన కోర్లన్నీ బాగా పనిచేసి, ఎక్కువ వేగం తట్టుకున్నవాటికి పెద్ద నంబరు వేస్తారు. ఒకటి రెండు కోర్లలో లోపం ఉంటే వాటిని ఆపేసి చిన్న నంబరుతో అమ్ముతారు. పొగాకుకీ దీనికీ ఒక తేడా ఉంది. లో గ్రేడ్ ఆకు ఎప్పటికీ తక్కువ ఆకే. చిన్న నంబరు చిప్‌లో మిగిలిన కోర్లు మాత్రం రాసిచ్చిన వేగానికి పరీక్ష పాసయ్యే బయటికి వస్తాయి. అది తక్కువ పని చేస్తుందేమో కానీ, తక్కువ కాలం బతకదు.

ఏఎండీ గురించి ఆ వేడి మాట ఊరికే పుట్టలేదు. 2000 ప్రాంతంలో వాళ్ళ అథ్లాన్ చిప్ మీద వేడిని లాగే హీట్‌సింక్ సరిగా కూర్చోకపోతే క్షణాల్లో మాడిపోయేది. అదే సమయంలో ఇంటెల్ వాళ్ళ పెంటియమ్ 4 వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకునేది. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. అయితే 1 గిగాహెర్ట్జ్ వేగాన్ని 2000 మార్చిలో ముందుగా అందుకున్నదీ, 2003లో ఎక్కువ మెమరీ వాడుకోనిచ్చే 64 బిట్‌ను మామూలు కంప్యూటర్లలోకి తెచ్చిందీ ఏఎండీయే. ఇంటెల్ తర్వాత అదే దారి పట్టింది. 2011లో వాళ్ళ బుల్‌డోజర్ చిప్‌లు వచ్చాక మాత్రం నిజంగానే వెనకబడ్డారు. ఆ రోజుల్లో ఏఎండీ కొనమని నేనే ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. 2017లో వాళ్ళ రైజెన్ చిప్‌లు వచ్చాక నా మాట మార్చుకున్నాను. ఇప్పుడు ఏఎండీ ప్రాసెసర్లు తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ ఫ్యాక్టరీల్లో తయారవుతున్నాయి. ఐఫోన్ చిప్‌లు చేసేదీ వాళ్ళే. ఖరీదుతోనే నాణ్యత వస్తుందనుకుంటే, 2024లో ఇంటెల్ 13, 14 తరాల ఖరీదైన ఐ9, ఐ7 ప్రాసెసర్లు మాటిమాటికీ ఆగిపోతున్నాయని గోల అయింది. లోపం నిజమేనని ఇంటెలే ఒప్పుకుని వారంటీ రెండేళ్ళు పెంచింది.

నీ పనికి ఏం కావాలి? అప్లికేషన్లు నింపడం, హాల్‌టికెట్లు తీయడం, స్కానింగ్, ప్రింటింగ్. రెండు సిస్టమ్‌లకి ఐ3-12100 చాలు. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే మూడోదానికి రైజెన్ 5 5600జీ వేసుకో, ఆరు కోర్లున్నాయి. నంబరు చివరి అక్షరం తప్పకుండా చూడు. 12100ఎఫ్ అనో, జీ లేకుండా ఉత్త 5600 అనో ఇస్తే అందులో డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ ఉండదు. ధర తగ్గిందని తెచ్చుకున్నాక గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలి.

నాకు భయమేసే చౌక వేరే ఉంది. 'ఐ7 కంప్యూటర్, సగం ధరకే' అని సెకండ్‌హ్యాండ్‌వి అమ్ముతుంటారు. విప్పి చూస్తే ఐ7-2600 ఉంటుంది, 2011 నాటిది. దానికీ 12100కీ నాలుగేసి కోర్లే, ఒకేసారి నడిపే పనులు, అంటే థ్రెడ్లు, ఎనిమిదేసే, అయినా వేగంలో కొత్త ఐ3కి అది దరిదాపుల్లో లేదు. పైగా కరెంటు ఎక్కువ తాగుతుంది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో కూడా లేదు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. జనం ఆధార్, బ్యాంకు వివరాలు నీ చేతిలో పెడతారు. అలాంటి సిస్టమ్ మీద వాళ్ళ పని చేయొద్దు తల్లీ.

ప్రాసెసర్‌లో మిగిలిన డబ్బు ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ (వేగమైన డిస్క్), యూపీఎస్‌ల మీద పెట్టు. కొన్నేళ్ళ కిందట ఒక జిరాక్స్ షాపతను పెద్ద ప్రాసెసర్ కావాలని పట్టుబట్టి, డబ్బు చాలక పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ వేయించుకున్నాడు. బిగించింది నేనే. రోహిణి కార్తెలో ఒకరోజు కరెంటు పోయి వచ్చేసరికి బోర్డూ డిస్కూ రెండూ పోయాయి. పరీక్షల దరఖాస్తులకి అది చివరి వారం. ప్రాసెసర్‌కి ఏమీ కాలేదు, కానీ దాంతో అతనికేం లాభం? గట్టిగా వద్దని చెప్పి ఉండాల్సింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దుమ్ము మాటా మరిచిపోకు. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల నుంచి వచ్చే సిస్టమ్‌లలో ఫ్యాన్ రెక్కలు బూడిద రంగు దుమ్ముతో మూసుకుపోయి ఉంటాయి. నీ గది రోడ్డు మీదే కాబట్టి మూడు నెలలకోసారి విప్పి ఊదించు.

ప్రాసెసర్ సీల్ ఉన్న బాక్స్ పీసే అడుగు, మూడేళ్ళ వారంటీ ఉంటుంది. బిల్లు మీద నంబరు పూర్తిగా రాయించుకో. డబ్బు కట్టే ముందు ఆ షాపతనికి ఒకసారి ఫోన్ చెయ్యి. కొటేషన్‌లో అన్నిటికీ కంపెనీ పేరుంది, ఎస్ఎంపీఎస్ ఎదురుగా మాత్రం '450 వాట్స్' అని రాసి వదిలేశాడు. అదేం కంపెనీయో కనుక్కుని నాకు చెప్పు.

మీ బాబాయ్